స్విచ్ ధర ఒకటి.. లైసెన్సు భారం మరొకటి!

పెట్టెకు ఒకసారి, కాగితానికి పదేపదే చెల్లింపు.. నెట్‌వర్క్ పరికరాల కొనుగోలులో ఉద్దానం సంస్థలు చూసుకోవాల్సిన లెక్క

పలాస, టెక్కలి: గోడకు బిగించిన చిన్న ఇనుప పెట్టె. ముందువైపు వరుసగా రంధ్రాలు, వాటిలో నీలి రంగు తీగలు, మిణుకు మిణుకుమనే పచ్చ దీపాలు. జీడిపప్పు పరిశ్రమలో తూకం వివరాలు బిల్లింగ్ గదికి చేరాలన్నా, ఆసుపత్రిలో రక్తపరీక్ష ఫలితం వైద్యుని ముందున్న తెరపైకి రావాలన్నా, కళాశాల ప్రయోగశాలలో అరవై కంప్యూటర్లు ఒకేసారి పనిచేయాలన్నా ఈ పెట్టె చలవే. దీనినే నెట్‌వర్క్ స్విచ్ అంటారు. ఇది పనిచేస్తున్నంత కాలం దాని ఉనికిని ఎవరూ గుర్తించరు. ఆగిననాడు మాత్రం సంస్థ మొత్తం స్తంభించిపోతుంది.

ఇటీవలి సంవత్సరాలలో ఈ పెట్టె ధర కంటే దానికి అనుబంధంగా వచ్చే లైసెన్సు రుసుము కొనుగోలుదారులకు పెద్ద చిక్కుగా మారింది. డీలర్ ఇచ్చే కొటేషన్‌లో మొదటి వరుసలో పరికరం ధర, రెండో వరుసలో మూడేళ్ల లైసెన్సు, మూడో వరుసలో సహాయ ఒప్పందం ఉంటాయి. మొదటి వరుసను మాత్రమే చూసి బేరమాడే యజమానికి మూడేళ్ల తర్వాత మళ్లీ బిల్లు వచ్చినప్పుడు గానీ అసలు విషయం బోధపడదు. అందువల్ల ఏ రకం స్విచ్‌కు ఎంత అవుతుంది, లైసెన్సు ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం అన్నది ముందుగానే తెలుసుకోవడం మేలు.

అవసరం ఎలా పెరిగింది?

పదిహేనేళ్ల క్రితం వరకు పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలలో చాలా సంస్థలకు ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ సరిపోయేవి. ఆ తర్వాత పరిస్థితి మారింది. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో లాంఛనంగా ప్రారంభించారు. నెలకు రూ.149 ప్రారంభ ధరతో ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. 2017 జులై 1 నుంచి జీఎస్టీ అమలులోకి రావడంతో బిల్లింగ్ అంతా కంప్యూటర్ మీదికి వచ్చింది. భద్రత కోసం సీసీ కెమెరాలు అంతటా వెలిశాయి.

‘తెల్ల బంగారం’గా పేరుపొందిన జీడిపప్పునకు కేంద్రమైన పలాస-కాశీబుగ్గలోని పరిశ్రమలనే తీసుకుంటే పిక్కల గోదాము, బాయిలర్, కటింగ్, బోర్మా, పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్ విభాగాలన్నీ వేర్వేరు షెడ్లలో ఉంటాయి. డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 వంటి రకాలు ఒక్కో టిన్నులో వేల రూపాయల సరకు. అందుకే ప్రతి షెడ్డులోనూ కెమెరా ఉండటం మామూలైపోయింది. టెక్కలి పరిసరాల గ్రానైట్ పరిశ్రమలది, అక్కడి ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలలదీ ఇదే దారి. కిడ్నీ వ్యాధుల తీవ్రతతో దేశం దృష్టిని ఆకర్షించిన ఉద్దానం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి ప్రారంభించిన విషయం విదితమే. చిన్నవైనా పెద్దవైనా నేడు ఆసుపత్రులన్నింటా రోగి నమోదు, ల్యాబ్, మందుల నిల్వ కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. వీటన్నింటి కూడలి ఈ స్విచ్.

పేరు కల్పన.. పుట్టింది అమెరికాలో

కంప్యూటర్లను కలపడానికి తొలినాళ్లలో ‘హబ్’లు వాడేవారు. ఒక కంప్యూటర్ పంపిన సమాచారాన్ని హబ్ మిగిలిన అన్నింటికీ పంపేది. వీధిలో ఒకరిని పిలవడానికి ఊరంతా వినేలా దండోరా వేయించినట్లు ఉండేది ఆ పద్ధతి. స్విచ్ అలా కాదు. ఉత్తరంపై చిరునామా చూసి నేరుగా ఆ ఇంటికే అందించే తపాలా జవాను వంటిది. తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో మార్కెట్‌లోకి తెచ్చిన సంస్థ పేరు ‘కల్పన’ కావడం విశేషం. భారతీయ మూలాలున్న వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్ అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో ఆ సంస్థను స్థాపించారు. 1994లో దానిని సిస్కో కొనుగోలు చేసింది.

మూడు తరగతులు.. మూడు ధరలు

మార్కెట్‌లోని స్విచ్‌లను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది సాధారణ స్విచ్. తీగ గుచ్చితే పనిచేస్తుంది. దీనిలో మార్చుకోవడానికి అమరికలేమీ ఉండవు. 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ సుమారు రూ.1,000 నుంచి రూ.2,000 వరకు, 24 పోర్టులది సుమారు రూ.5,000 నుంచి రూ.9,000 వరకు లభిస్తుంది. దీనికి లైసెన్సు ప్రసక్తే లేదు. చిన్న దుకాణానికి, నాలుగు కంప్యూటర్ల కార్యాలయానికి ఇది చాలు.

రెండోది స్మార్ట్ స్విచ్. కంప్యూటర్‌లోని బ్రౌజర్ ద్వారా దీని అమరికలు మార్చుకోవచ్చు. ఒకే పెట్టెను లోపల రెండు మూడు భాగాలుగా విడదీసి కెమెరాలను ఒకవైపు, బిల్లింగ్‌ను ఒకవైపు, అతిథుల వైఫైని మరోవైపు ఉంచవచ్చు. ఈ విభజననే వీల్యాన్ అంటారు. కెమెరా ద్వారా ఎవరైనా చొరబడినా ఖాతాల కంప్యూటర్ వరకు సులభంగా చేరకుండా ఇది అడ్డుగోడలా నిలుస్తుంది. 24 పోర్టులది సుమారు రూ.10,000 నుంచి రూ.20,000 వరకు ఉంటుంది. తీగ ద్వారానే కెమెరాకు విద్యుత్తు ఇచ్చే పీఓఈ సౌకర్యం కావాలంటే సుమారు రూ.20,000 నుంచి రూ.45,000 వరకు అవుతుంది.

మూడోది పూర్తిస్థాయి మేనేజ్‌డ్ స్విచ్. వేర్వేరు విభాగాల మధ్య రాకపోకలను తానే నడపగలదు. ఒక దారి తెగితే మరో దారికి మళ్లించగలదు. ప్రతి పోర్టులో ఎవరు ఉన్నారో తనిఖీ చేయగలదు. పేరున్న సంస్థల 24 పోర్టుల పరికరం లక్ష రూపాయలు దాటడం సాధారణం. లైసెన్సుల గొడవ ప్రధానంగా మొదలయ్యేది ఈ తరగతిలోనే.

జాబితా ధర వెనుక కథ

పెద్ద కంపెనీలు తమ పరికరాలకు డాలర్లలో ‘జాబితా ధర’ ప్రకటిస్తాయి. ఆ ధరకు దాదాపు ఎవరూ కొనరు. కొనుగోలు పరిమాణాన్ని బట్టి, డీలర్ ముందుగా కంపెనీ వద్ద ఆ బేరాన్ని నమోదు చేసుకున్నదాన్ని బట్టి తగ్గింపు లభిస్తుంది. ఒకే పరికరానికి ఇద్దరు డీలర్ల ధరల మధ్య పెద్ద తేడా రావడానికి కారణం ఇదే. ముందుగా బేరాన్ని నమోదు చేసిన డీలర్‌కు మెరుగైన తగ్గింపు దక్కుతుంది కనుక తర్వాత వచ్చినవారు అంత తగ్గించలేరు.

దీనికి దిగుమతి సుంకం తోడవుతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో టెలికాం సంస్థలు వాడే క్యారియర్ గ్రేడ్ ఈథర్‌నెట్ స్విచ్‌లపై మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించి, ఇతర స్విచ్‌లతో సమానం చేశారు. రెండింటి మధ్య తేడా ఏమిటన్న వివాదాలకు తెరదించడానికే ఈ మార్పు అని అప్పట్లో పేర్కొన్నారు. దేశంలో అమ్మకంపై 18 శాతం జీఎస్టీ ఉంది. లైసెన్సుకు, సహాయ ఒప్పందానికి సైతం ఇదే 18 శాతం వర్తిస్తుంది. వీటికితోడు రూపాయి విలువ పతనం కూడా ధరపై ప్రభావం చూపుతుంది. 2025 డిసెంబరులో డాలరు మారకం విలువ తొలిసారి రూ.90 దాటింది. డాలర్లలో నిర్ణయమయ్యే లైసెన్సును మూడేళ్ల తర్వాత పునరుద్ధరించేటప్పుడు కంపెనీ ధర పెంచకపోయినా రూపాయల్లో భారం పెరిగే అవకాశం ఉంది.

లైసెన్సులు ఎన్ని రకాలు?

లైసెన్సు అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు ఖర్చులు దాగి ఉంటాయి. వీటిని విడివిడిగా అర్థం చేసుకుంటేనే కొటేషన్ బోధపడుతుంది.

మొదటిది శాశ్వత లైసెన్సు. పరికరంతో పాటు ఒకసారి చెల్లిస్తే దాని జీవితకాలమంతా పనిచేస్తుంది. రెండోది సౌకర్యాల లైసెన్సు. పెట్టెలో సామర్థ్యం ఉన్నా దానిని వాడుకోవడానికి అదనంగా చెల్లించాలి. మూడోది చందా లైసెన్సు. మూడేళ్లు, అయిదేళ్లు, ఏడేళ్ల గడువుతో ఉంటుంది. గడువు తీరగానే మళ్లీ చెల్లించాలి. నాలుగోది సహాయ ఒప్పందం. పరికరం చెడిపోతే వెంటనే మార్చి ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ సవరణలు అందించడం, ఫోన్‌లో నిపుణుల సలహా ఇవ్వడం దీని పరిధిలోకి వస్తాయి. వారంటీ వేరు, సహాయ ఒప్పందం వేరు అన్నది గమనార్హం.

గడువు తీరితే ఏమవుతుంది?

కొనుగోలుదారు వేయాల్సిన అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి అన్ని కంపెనీల సమాధానం ఒకటి కాదు.

సిస్కో 2017లో క్యాటలిస్ట్ 9000 శ్రేణిని విడుదల చేసినప్పుడు రెండంచెల విధానాన్ని తెచ్చింది. నెట్‌వర్క్ ఎసెన్షియల్స్, నెట్‌వర్క్ అడ్వాంటేజ్ అనేవి శాశ్వతం. వాటిపైన డీఎన్‌ఏ పేరుతో చందాను తొలి కొనుగోలులో తప్పనిసరి చేసింది. ఈ చందా గడువు తీరినా స్విచ్ ఆగిపోదు. కేంద్రీకృత పర్యవేక్షణ వంటి అదనపు సౌకర్యాలు పోతాయి తప్ప మూల పని సాగుతూనే ఉంటుంది.

ఇదే కంపెనీ 2012లో 120 కోట్ల డాలర్లకు కొన్న మెరాకీ పద్ధతి వేరు. మెరాకీ పరికరాలను ఇంటర్నెట్ ద్వారా క్లౌడ్ నుంచి నడుపుతారు. ఎక్కడి నుంచైనా తెరపై చూసి సరిదిద్దవచ్చు. అయితే లైసెన్సు లేనిదే ఆ వ్యవస్థ నడవదు. ఉమ్మడి గడువు విధానంలో గడువు దాటిన తర్వాత 30 రోజుల వెసులుబాటు ఇస్తారు. అప్పటికీ చెల్లించకపోతే ఆ సంస్థ ఖాతాలోని పరికరాలు పనిచేయడం మానేస్తాయి. లక్షలు పోసి కొన్న పెట్టె గోడకు అలంకారంగా మిగులుతుంది.

ఉమ్మడి గడువులో మరో మెలిక ఉంది. అన్ని పరికరాల గడువును కలిపి సగటు తీసి, అందరికీ ఒకే తేదీ నిర్ణయిస్తారు. ఉదాహరణకు ఒక కళాశాలలో ఒకే రకం స్విచ్‌లు పది ఉండి, వాటికి ఇంకా ఏడాది గడువు ఉందనుకుందాం. కొత్తగా అదే రకం మరొకటి కొని అయిదేళ్ల లైసెన్సు తీసుకున్నారు. అప్పుడు పది పరికరాలకు పదేళ్లు, కొత్తదానికి అయిదేళ్లు కలిపి పదిహేనేళ్లు. దానిని పదకొండుతో భాగిస్తే దాదాపు 16 నెలలు. అంటే కొత్త స్విచ్‌కు అయిదేళ్లకు చెల్లించినా పదకొండింటికీ గడువు తీరేది 16 నెలలకే. ఇందులో డబ్బు నష్టమేమీ లేదు. చెల్లించిన మొత్తం పాత పరికరాల గడువులోకి సర్దుబాటు అవుతుంది. కానీ అయిదేళ్ల దాకా నిశ్చింత అని భావించిన యాజమాన్యానికి రెండో ఏడాదిలోనే పెద్ద బిల్లు ఎదురవుతుంది.

లైసెన్సు లేని దారులు

చందా భారం లేని ఉత్పత్తులూ మార్కెట్‌లో ఉన్నాయి. సిస్కోలోనే చిన్న వ్యాపారాల కోసం 2023లో వచ్చిన క్యాటలిస్ట్ 1200, 1300 శ్రేణులకు చందా అవసరం లేదు. హెచ్‌పీఈ సంస్థ ఇన్‌స్టంట్ ఆన్ శ్రేణిని క్లౌడ్ నుంచి నడుపుకోవచ్చు, దానికీ చందా లేదు. యుబిక్విటి యూనిఫై స్విచ్‌లకు లైసెన్సు రుసుము లేదు. టీపీ-లింక్ ఒమాడా నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను సొంత కంప్యూటర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు. లాత్వియా దేశానికి చెందిన మైక్రోటిక్ పరికరాల ధరలోనే వాటి సాఫ్ట్‌వేర్ లైసెన్సు కలిసి ఉంటుంది.

అలాగని చందా విధానమంతా దండగ అనలేం. నాలుగైదు శాఖలున్న సంస్థకు, సాంకేతిక సిబ్బంది లేని ఆసుపత్రికి విశాఖపట్నం నుంచో హైదరాబాద్ నుంచో నిపుణుడు తెర మీద చూసి గంటలో లోపం సరిదిద్దగలగడం చిన్న విషయం కాదు. సోంపేట దాకా మనిషిని రప్పించడానికి అయ్యే ఖర్చు, పోయే రోజు లెక్కిస్తే చందా గిట్టుబాటు కావచ్చు. భద్రతా లోపాలు బయటపడినప్పుడు సవరణలు సకాలంలో అందడం మరో ప్రయోజనం. ఏది మేలన్నది సంస్థ అవసరాన్ని బట్టి నిర్ణయించుకోవాల్సిందే.

అయిదేళ్ల లెక్క ఇలా..

సులభంగా అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క చూద్దాం. 24 పోర్టుల పీఓఈ స్విచ్ ఒకటి కావాలనుకుందాం.

చందా లేని స్మార్ట్ స్విచ్ ధర రూ.30,000. జీఎస్టీ రూ.5,400 కలిపి రూ.35,400. చెడిపోతే వెంటనే మార్చడానికి అదే రకం మరొకటి బీరువాలో ఉంచుకున్నా మొత్తం రూ.70,800.

చందా ఉన్న క్లౌడ్ స్విచ్ ధర రూ.80,000, మూడేళ్ల లైసెన్సు రూ.24,000. రెండూ కలిపి రూ.1,04,000. జీఎస్టీ రూ.18,720తో రూ.1,22,720. మూడేళ్ల తర్వాత మరో రెండేళ్లకు రూ.18,000, దానిపై జీఎస్టీ రూ.3,240. అయిదేళ్లకు మొత్తం రూ.1,43,960. రెండింటి మధ్య తేడా రూ.73,160. పైగా మొదటి పద్ధతిలో చేతిలో ఒక అదనపు పెట్టె ఉంటుంది.

విద్యుత్తు ఖర్చునూ మరువరాదు. సగటున 50 వాట్లు తీసుకునే స్విచ్ రేయింబవళ్లు పనిచేస్తే ఏడాదికి 438 యూనిట్లు. యూనిట్ రూ.9 చొప్పున లెక్కించుకుంటే రూ.3,942. అయిదేళ్లలో అది దాదాపు రూ.20 వేలు.

జీఎస్టీ భారం అందరికీ ఒకటి కాదు

ఇక్కడ జిల్లాలోని సంస్థలు గమనించాల్సిన ముఖ్యాంశం ఒకటి ఉంది. జీఎస్టీ కింద సాధారణ పద్ధతిలో నమోదైన జీడి, గ్రానైట్ పరిశ్రమలు స్విచ్‌పై, లైసెన్సుపై చెల్లించిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుబాటు చేసుకోవచ్చు. పై ఉదాహరణలో చందా స్విచ్‌పై మొత్తం రూ.21,960 పన్ను ఇలా వెనక్కి వస్తుంది. ఇందుకు బిల్లుపై పరిశ్రమ జీఎస్టీ సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. యజమాని సొంత పేరుతో బిల్లు తీసుకుంటే ఆ ప్రయోజనం దక్కదు.

వైద్య సేవలకు, గుర్తింపు పొందిన విద్యకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున ఆసుపత్రులు, కళాశాలలు తమ కొనుగోళ్లపై కట్టిన పన్నును ఆ సేవలకు సంబంధించి వెనక్కి పొందలేవు. కంపోజిషన్ పథకంలోని చిన్న వ్యాపారులదీ ఇదే పరిస్థితి. అంటే ఒకే స్విచ్ జీడి పరిశ్రమకు రూ.30,000 అయితే పక్క వీధిలోని ఆసుపత్రికి రూ.35,400 పడుతుంది. రోగుల నుంచి వచ్చే రుసుముతో నడిచే చిన్న ఆసుపత్రికి లైసెన్సు పునరుద్ధరణ పదేపదే పన్నుతో సహా పూర్తి భారమే అవుతుంది.

కెమెరాలు రాత్రిపూట ఎందుకు ఆగుతాయి?

లైసెన్సు తర్వాత ఎక్కువమంది పొరపడేది పీఓఈ సామర్థ్యం విషయంలో. 2003 నాటి ఐఈఈఈ 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు, 2009లో వచ్చిన 802.3ఏటీ ప్రకారం 30 వాట్ల వరకు, 2018 నాటి 802.3బీటీ ప్రకారం 90 వాట్ల వరకు స్విచ్ సరఫరా చేయగలదు. అయితే ఇది ఒక్కో పోర్టు గరిష్ఠ పరిమితి మాత్రమే. మొత్తం పెట్టె ఇవ్వగలిగే విద్యుత్తుకు వేరే హద్దు ఉంటుంది.

ఉదాహరణకు మొత్తం సామర్థ్యం 190 వాట్లున్న స్విచ్‌కు 20 కెమెరాలు తగిలించారనుకుందాం. పగలు ఒక్కో కెమెరా 8 వాట్లు తీసుకుంటే 160 వాట్లు, ఇబ్బంది లేదు. చీకటి పడి పరారుణ దీపాలు వెలగగానే ఒక్కోటి 12 వాట్లకు చేరితే 240 వాట్లు కావాలి. స్విచ్ తట్టుకోలేక కొన్ని కెమెరాలకు సరఫరా ఆపేస్తుంది. ఏ వేళలో కాపలా అవసరమో ఆ వేళలోనే కన్ను మూసుకుంటుంది. పోర్టుల సంఖ్యతో పాటు మొత్తం వాట్లెన్నో అడిగి తెలుసుకోవాలి.

ఉప్పుగాలి, పిడుగులు, తుపాన్లు

ఉద్దానం తీరంలో పరికరాలకు ఎదురయ్యే పరీక్షలు నగరాల్లో ఉండవు. వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట తీర గ్రామాలలో ఉప్పుగాలికి లోహపు భాగాలు త్వరగా తుప్పు పడతాయి. జీడి పరిశ్రమల్లో పొట్టు, ఆవిరి, గ్రానైట్ పరిశ్రమల్లో రాతి ధూళి స్విచ్ లోపలి ఫ్యాన్లను బిగదీస్తాయి. అటువంటి చోట్ల ఫ్యాన్ లేని పరికరాన్ని మూతపెట్టెలో అమర్చడం శ్రేయస్కరం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. విద్యుత్ స్తంభాలు కూలి ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. ఫైబర్‌నెట్ తీగలు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగడంతో స్తంభం పడితే ఇంటర్నెట్ కూడా పడుతుంది. ఇలాంటి ప్రాంతంలో క్లౌడ్ మీద ఆధారపడిన స్విచ్ కొనేవారు ఇంటర్నెట్ లేనప్పుడు లోపలి నెట్‌వర్క్ పనిచేస్తుందా అని తప్పక అడగాలి. చాలా క్లౌడ్ స్విచ్‌లు పాత అమరికలతో పనిచేస్తూనే ఉంటాయి. కానీ ఇంటర్నెట్ తిరిగి వచ్చేవరకు వాటిలో మార్పులు చేయడం కష్టం.

పిడుగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. రాగి తీగ గరిష్ఠంగా 100 మీటర్ల వరకే పనిచేస్తుంది. షెడ్డు నుంచి షెడ్డుకు ఆరుబయట లాగిన రాగి తీగ ద్వారా పిడుగు ప్రభావం రెండు వైపులా స్విచ్‌లను దెబ్బతీస్తుంది. షెడ్ల మధ్య ఫైబర్ వేస్తే దూరం సమస్య తీరుతుంది, విద్యుత్ ఉప్పెన ఒక షెడ్డు నుంచి మరొకదానికి ఆ దారిన పాకదు. ఇందుకు ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు కావాలి. కొన్ని కంపెనీలు తమ మాడ్యూళ్లనే వాడాలని షరతు పెడతాయి. వాటి ధర ఇతర మాడ్యూళ్ల కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ ఖర్చు కూడా కొటేషన్‌లో ముందే చేరాలి. పిడుగు, విద్యుత్ హెచ్చుతగ్గుల వల్ల కలిగే నష్టం సాధారణంగా వారంటీ పరిధిలోకి రాదు. అందుకే ఎర్తింగ్ సక్రమంగా ఉండటం, యూపీఎస్ వాడటం లైసెన్సు కంటే ముఖ్యమనడంలో అతిశయోక్తి లేదు.

‘జీవితకాల వారంటీ’ అంటే ఎవరి జీవితం?

కొన్ని కంపెనీలు జీవితకాల వారంటీ అని ప్రకటిస్తాయి. సాధారణంగా దాని అర్థం మొదట కొన్న సంస్థ ఆ పరికరాన్ని సొంతంగా ఉంచుకున్నంత కాలం అని. దానికీ షరతులుంటాయి. ఫ్యాన్లు, విద్యుత్ సరఫరా భాగాలకు కొన్ని కంపెనీలు అయిదేళ్ల పరిమితి విధిస్తాయి. ఒక నమూనా అమ్మకం నిలిపివేసిన తర్వాత నిర్ణీత కాలానికి సహాయం కూడా ఆగిపోతుంది. సిస్కో సాధారణంగా అమ్మకం ఆగిన నాటి నుంచి అయిదేళ్ల వరకు సహాయం కొనసాగిస్తుంది. ఇప్పటికే అమ్మకం ఆగిపోబోతున్న నమూనాను భారీ తగ్గింపుతో ఇస్తున్నారంటే ఆ తగ్గింపు వెనుక కారణం అదే కావచ్చు.

నగరాల నుంచి వచ్చే పాత స్విచ్‌ల విషయంలోనూ అప్రమత్తత అవసరం. పెట్టె తక్కువ ధరకు వచ్చినా అనేక కంపెనీల నిబంధనల ప్రకారం సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో యజమానికి బదిలీ కాదు. క్లౌడ్ పరికరమైతే పాత యజమాని తన ఖాతా నుంచి తొలగించనిదే కొత్తవారు వాడలేరు. ఆ సంగతి తేల్చుకోకుండా డబ్బు చెల్లిస్తే ఇనుము ధర కూడా రాదు.

గడువు తేదీ ఏ నెలలో?

చందా తప్పదనుకున్నప్పుడు గడువు ఏ నెలలో తీరుతుందో చూసుకోవడం తెలివైన పని. జీడి పరిశ్రమలకు మార్చి నుంచి మే వరకు పిక్కల కొనుగోళ్లతో పెట్టుబడి అంతా గోదాములో ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. కళాశాలలకు ప్రవేశాలు పూర్తయి రుసుములు వసూలయ్యే నెలలు అనుకూలం. చేతిలో డబ్బు ఆడే నెలలో గడువు వచ్చేలా మొదటిసారే ఏర్పాటు చేసుకుంటే ఆఖరి నిమిషంలో పరుగులు తప్పుతాయి. లైసెన్సు ఖాతాకు నమోదు చేసే ఈ-మెయిల్ కూడా సంస్థదే కావాలి. డీలర్ ఉద్యోగి ఈ-మెయిల్‌తో ఖాతా తెరిస్తే అతను ఉద్యోగం మానిన నాడు గడువు హెచ్చరికలు ఎవరికీ చేరవు.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్నలు

* పరికరం, లైసెన్సు, సహాయ ఒప్పందం ధరలు విడివిడిగా రాసి ఇస్తారా?
* లైసెన్సు గడువు తీరితే స్విచ్ పూర్తిగా ఆగుతుందా, అదనపు సౌకర్యాలు మాత్రమే పోతాయా?
* పునరుద్ధరణ ధర ఎంత? అయిదేళ్ల మొత్తం ఖర్చు ఎంత?
* ఇంటర్నెట్ లేకపోయినా లోపలి నెట్‌వర్క్ నడుస్తుందా?
* పీఓఈ మొత్తం సామర్థ్యం ఎన్ని వాట్లు?
* ఫైబర్ మాడ్యూళ్లు ధరలో కలిసి ఉన్నాయా? ఇతర కంపెనీల మాడ్యూళ్లు పనిచేస్తాయా?
* చెడిపోతే మార్చి ఇవ్వడానికి పలాసకు, టెక్కలికి ఎన్ని రోజులు పడుతుంది?
* ఈ నమూనా అమ్మకం, సహాయం ఎప్పటివరకు కొనసాగుతాయి?
* బిల్లు, ఖాతా, లైసెన్సు మూడూ సంస్థ పేరుతోనే ఉంటాయా?

ప్రభుత్వ కళాశాలలు, ఆసుపత్రులు 2016లో ప్రారంభమైన జెమ్ పోర్టల్ ద్వారా కొనుగోలు చేసేటప్పుడు సైతం అతి తక్కువ ధర కోట్ చేసినవారికే ఇస్తారు కనుక, అవసరమైన లైసెన్సు కాలాన్ని టెండరు షరతుల్లోనే స్పష్టంగా పేర్కొనాలి. లేదంటే తక్కువ ధరకు పెట్టె వస్తుంది, ఏడాది తిరిగేసరికి లైసెన్సుకు నిధులు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న మిగులుతుంది.

కొటేషన్‌లో మొదటి వరుసతో ఆగకుండా చివరి వరుస దాకా చదివి, అయిదేళ్ల లెక్క వేసుకున్నవారు మోసపోయే అవకాశం తక్కువ. నాలుగు కంప్యూటర్ల దుకాణానికి రెండు వేల రూపాయల పెట్టె చాలు. నాలుగు శాఖల సంస్థకు చందా అవసరం కావచ్చు. ఎవరి అవసరమెంతో తేల్చుకోకుండా ఎదుటివారు కొన్నారని కొనడం మాత్రం చేటు తెస్తుంది. మందుల కౌంటర్ ముందు రోగులు వరుసలో నిలబడి ఉండగా లైసెన్సు గడువు తీరి తెర ఆగిపోతే ఆ నష్టం డబ్బుతో తీరేది కాదని యాజమాన్యాలు గుర్తించాలి.